అమ్మమ్మ ఊరు లేని పిల్లలకు...

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మీ ఇంట్లోనూ ఇదే గొడవ కదూ? బళ్లకు సెలవులిచ్చేశారు, పిల్లల్ని పొద్దస్తమానం ఇంట్లో కట్టేయడం ఎలాగా అని! జగ్గయ్యపేట, నందిగామ వైపు ఎండల సంగతి చెప్పనే అక్కర్లేదు. మనకున్న ఉపాయం ఒక్కటే, అమ్మమ్మగారి ఊరు.

ఈ పనిని ఒక దేశం ఫ్యాక్టరీల మీద పెట్టింది తెలుసా? పాత కృష్ణా జిల్లా మెట్టలో ఎర్రజెండా ఎరగని ఊరు తక్కువ కనుక, విశాలాంధ్ర దుకాణంలో కొన్న రష్యా పిల్లల పుస్తకాలు చాలా ఇళ్లల్లో ఉండేవి. తెలుగులోకి తెచ్చి మాస్కోలో అచ్చేసినవి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, చవక ధర! వాటిల్లో మెడకు ఎర్ర రుమాలు కట్టుకుని బాకా ఊదే పిల్లలు గుర్తున్నారా? వాళ్లే పయొనీర్లు. వాళ్లు సెలవులకు వెళ్లేది పయొనీర్ శిబిరానికి.

1925లో క్రిమియాలో, నల్లసముద్రం ఒడ్డున అర్తెక్ అనేచోట ఒక డాక్టరుగారు క్షయతో నీరసించిన పిల్లల కోసం డేరాలు వేయించారు. ఆ తర్వాత ఫ్యాక్టరీలూ, కార్మిక సంఘాలూ దేశమంతటా వేలకొద్దీ శిబిరాలు పెట్టాయి. మన లెక్కలో చెప్పాలంటే, జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ తన కార్మికుల పిల్లలందర్నీ వేదాద్రి దగ్గర కృష్ణ ఒడ్డున మూడు వారాలు ఉంచుకుని, వండిపెట్టి పంపినట్టు! ఖర్చులో ఎక్కువ భాగం సంఘానిదే. తల్లిదండ్రులు కట్టేది కొద్ది సొమ్ము.

వంట సంగతి చెబితే నవ్వుతారు. పొద్దున పూట పాలల్లో ఉడికించిన రవ్వ జావ. అవును, మన బొంబాయి రవ్వ లాంటిదే. పైన తొరక కట్టిందని అక్కడి పిల్లలూ మూతి ముడిచేవాళ్లట! మధ్యాహ్నం సూపు, రొట్టె, ఎండుపళ్లు ఉడికించిన తియ్యటి నీళ్లు. తిన్నాక నిద్ర వచ్చినా రాకపోయినా మంచం ఎక్కాల్సిందే. వచ్చిన రోజునా, వెళ్లే రోజునా పిల్లల్ని తూకం వేసేవారు. బరువు పెరిగితే శిబిరం బాగా నడిచినట్టు! (మన అమ్మమ్మలు తూకం లేకుండానే "చిక్కిపోయావురా" అనేస్తారు, అది వేరే సంగతి.) సెలవుల్లో కూడా బాకా, వరసలు, జెండా వందనం ఏమిటి అని నాకనిపిస్తుంది. అయినా ఆ మూడు వారాలు తల్లికి కాస్త ఊపిరి సలిపేదంటే కాదనలేం.

మరి ఇప్పుడు ఆ చోట్లలో అడుగుపెడితే? ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రానికి దగ్గర్లో, అడవిలో ఇజుమ్రుద్నీ అనే శిబిరం ఉండేది. ఆ మాటకు మరకతం అని అర్థం. చిన్న చిన్న చెక్క ఇళ్లు, వాటి గోడల మీద కార్టూన్ సినిమాల బొమ్మలు. 1986 ఏప్రిల్ 26న ప్రమాదం జరిగింది. ఆ వేసవికి పిల్లలు రాలేదు. ప్రమాదాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన పనివాళ్లు ఆ చిట్టి ఇళ్లల్లో తలదాచుకున్నారు. వాళ్లూ వెళ్లిపోయాక ఆ బొమ్మలు రంగు వెలుస్తూ చెట్ల మధ్య అలాగే ఉండిపోయాయి. 2020 ఏప్రిల్‌లో అడవి అంటుకున్నప్పుడు శిబిరం దాదాపు అంతా కాలిపోయింది.

మిగతా చోట్ల అణుప్రమాదం ఏమీ లేదు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఫ్యాక్టరీలు చితికాయి, సంఘాల దగ్గర డబ్బు లేదు. వంటమనిషికి జీతమిచ్చే దిక్కు లేకపోతే పిల్లలకు సెలవులెక్కడివి? అలా పాడుబడ్డ చోట్ల ఫొటోలు చూసేవాళ్లంతా చెయ్యి విరిగిన బాకా పిల్లాడి బొమ్మను చూస్తారు. నా చూపు మాత్రం భోజనశాల వైపే పోతుంది. అన్ని వందలమందికి మూడు పూటలా వండిన ఆడవాళ్లు ఆ తర్వాత ఏ పనికి పోయారో!

మన శిబిరంలో ఆ వంటమనిషికి మొదటి నుంచీ జీతం లేదు. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు కదా, మరి వండేదెవరు? మీ వదినగారే. మీ ఇద్దరు, మీ చెల్లెలి ముగ్గురు, తన పిల్లలు... మేమంతా వరసగా దిగుతుంటే ఆవిడ తన పుట్టింటికి వెళ్లేదెప్పుడు? ఈసారి అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి కాకుండా వంతులేసుకోండి. పిల్లల చేతికి మామిడికాయల సంచితో పాటు గ్యాస్ బండకు డబ్బు కూడా ఇచ్చి పంపండి. అంతకుముందు వదినగారికి ఒక ఫోన్ చేసి, "నువ్వు మీ అమ్మగారింటికి ఎప్పుడెళ్తున్నావు వదినా?" అని అడిగి, ఆ తేదీలు వదిలేసి మిగతా రోజుల్లో బస్సెక్కించండి.