బెల్టు షాపు మూయాలి, తాగేవాడికి వైద్యం కావాలి

తాగుబోతులకు బుద్ధి చెప్పుకోండని సర్కారు మనకే చెబుతుంది. మద్యం రాబడిని బడ్జెట్‌లో లెక్కేసుకునేదీ అదే సర్కారు. లైసెన్సు షాపు మండల కేంద్రంలో ఉన్నా సీసా మాత్రం మన ఊరి కిరాణా కొట్లోనే దొరుకుతుంది, అదీ అరువుకి! ధాన్యం డబ్బు పడిందని తెలిస్తే ముందు గుమ్మంలోకొచ్చేది ఆ కొట్టువాడే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూనే సారా కొట్టు మూయించారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో తెచ్చిన మద్యనిషేధాన్ని మాత్రం రెండేళ్లకే సడలించారు. ఖజానాకు నష్టమట! మన ఇళ్లకు జరిగిన నష్టం ఎవరు లెక్కేశారు?

బెల్టు షాపు వద్దని గ్రామసభలో తీర్మానం చేయిద్దాం. అయితే కొట్టు మూసినంత మాత్రాన సరిపోదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మూర్ఛలొచ్చి ప్రాణమే పోవచ్చు. ఒట్లు, పసర్లు, తిట్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి. 14446కు ఫోన్ చేస్తే డబ్బులు పడవు, సలహా చెబుతారు.

ఇంకో మాట, సభల్లో ఎవరూ చెప్పనిది. పురుగుమందు డబ్బాలు ఇవాళే పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి తాగని మనిషి దగ్గరుండాలి. గొడవపడి మైకంలో ఇంటికొచ్చినవాడి చేతికి అందేది ఆ డబ్బానే.

మద్యం రాబడిలో కొంత తీసి ఏరియా ఆసుపత్రుల్లో తాగుడు మాన్పించే మంచాలు, మందులు పెట్టాలని అడుగుతున్నాం. కలెక్టరుకిచ్చే ప్రతి అర్జీలో గిట్టుబాటు ధర పక్కనే ఇదీ రాయండి.