లెక్కకు రాని తలలు

మిర్చి కోతల కాలంలో కొనకనమిట్ల రోడ్డు మీద పొద్దున్నే నిలబడి చూడండి. ముగ్గురికి అనుమతి ఉన్న ఆటోలో పదిమంది కూలి స్త్రీలు, ఒళ్ళో సద్దిక్యారేజీలు. కిరాయి తలా ఇంత వేసుకుంటారు. ఒకే బండిని పదిమంది పంచుకోవడం వీళ్ళకు ఎవరూ నేర్పలేదు.

అమెరికాలో ఇలా పంచుకునేవారికి రోడ్డు మీద ప్రత్యేకమైన వరస ఉంది. దాన్ని కార్‌పూల్ లేన్ అంటారు. వర్జీనియాలోని షిర్లీ హైవే మీద 1969లో బస్సులకు కేటాయించిన దారిలోకి 1973లో నలుగురు, అంతకు మించి ఎక్కిన కార్లనూ రానిచ్చారు. ఒంటరిగా దూరితే జరిమానా. బండి ఖరీదు కాదు, అందులోని మనుషుల సంఖ్యే ముఖ్యమన్నది ఆ నియమం.

అయితే ఏ నియమమైనా వర్గాన్ని దాటిపోదు. జకార్తాలో కారుకు ముగ్గురుండాలన్న నిబంధన వచ్చాక, ఆ లెక్క నింపడానికి పేద స్త్రీలు చంటిబిడ్డలతో సహా కూలికి కార్లలో కూర్చున్నారు. 2016లో ఆ నిబంధన ఎత్తేశారు.

అక్కడ పేద స్త్రీ తల ఇతరుల సౌకర్యం కోసం లెక్కకు వచ్చింది. ఇక్కడ తన ప్రాణం కోసం కూడా రావడం లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, అనుమతికి మించి ఎక్కిన ఒక్కొక్కరికీ 200 రూపాయల జరిమానా పెట్టింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధ్యత పాలసీలో ఉన్న సంఖ్య వరకేనని సుప్రీంకోర్టు 2007లో తీర్పునిచ్చింది. అంటే ముగ్గురి లెక్కన వచ్చిన సొమ్మునే పది కుటుంబాలు పంచుకోవాలి. మిగతాది బండి యజమాని నుంచి రాబట్టుకోవాలి. అప్పు చేసి ఆటో కొన్నవాడి దగ్గర ఏముంటుంది?

కిక్కిరిసి ఎక్కడం ప్రమాదమే. కాదనడం లేదు. కానీ వాళ్ళకు మరో దారి ఏదని ఎవరు అడుగుతున్నారు? 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఛార్జీ లేకుండా చేసింది. ఇది చిన్న విషయం కాదు. కానీ ఛార్జీ లేకపోవడం వేరు, బస్సు ఉండడం వేరు. చేలకు వెళ్ళే వేళకు, తిరిగొచ్చే వేళకు బస్సు రాని ఊళ్ళో ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

మన సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. ఏ ఊరి నుంచి, ఏ వేళకు, ఎంతమంది స్త్రీలు కూలికి బయల్దేరుతున్నారో లెక్క తీసి మార్కాపురం, పొదిలి డిపోల ముందు పెట్టాలి. ఆ వేళలకు బస్సు వేయమని అడగాలి. తలలు లెక్కపెట్టాల్సింది ప్రమాదం జరిగాక కాదు.