సునీత మళ్ళీ పాడిందా?

మొన్న మే నెలలో ఒక సాహిత్య సదస్సుకి వెళ్ళాను. భోజనాలయ్యాక, రెండో సమావేశం మొదలయ్యేలోపు, వరండాలో ఓ మూల కుర్చీ లాక్కుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. నేనెంతో గౌరవించే ఒక పెద్దావిడ, మా తరానికి స్త్రీవాద విమర్శ నేర్పిన వాళ్ళలో ఒకరు, పక్కన కూర్చుని "ఏం వింటున్నావమ్మా?" అన్నారు. ఒకటి తీసి ఆవిడ చేతికిచ్చాను. 'బుల్లెట్టు బండి' పాట వస్తోంది. అర నిమిషం కూడా వినలేదు. తీసి నా ఒళ్ళో పెట్టి, "స్త్రీల పాటల మీద పిహెచ్‌డీ చేసిన పిల్లవి, నువ్వు వినేది ఇదా?" అన్నారు.

కోపంగా అనలేదు, జాలిగా అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. పెద్దవాళ్ళ ముందు నవ్వేసి ఊరుకోవడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటే కదా. ఆ రోజు చెప్పని జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నిజమే, నా పరిశోధన స్త్రీల పాటల మీదే. కృష్ణశ్రీ సంకలనం 'స్త్రీల రామాయణపు పాటలు' పక్కన పెట్టుకుని ఐదేళ్ళు గడిపాను. 1991లో వెల్చేరు నారాయణరావు గారు ఇంగ్లీషులో ఆ పాటల మీద వ్యాసం రాశాక విశ్వవిద్యాలయాల్లో వాటికి కొత్త గౌరవం వచ్చింది. ఇవాళ 'ఊర్మిళాదేవి నిద్ర' గురించి పేపరు చదివితే ఎవరూ నొసలు చిట్లించరు. కానీ ఆ పాటలు ఆడవాళ్ళ నోళ్ళలో బతికున్నన్నాళ్ళూ పండితులు వాటినేమన్నారు? ముసలమ్మల పాటలన్నారు, ఛందస్సు లేని కాలక్షేపం అన్నారు. పాడేవాళ్ళు తగ్గిపోయి పాట పుస్తకంలోకి చేరాకే అది మనకి సాహిత్యమయింది. అందులోనూ పెద్ద కులాల ఇళ్ళల్లో పాడుకున్నవి ముందు అచ్చయ్యాయి. పొలాల్లో కలుపు తీస్తూ పాడినవి చాలా ఆలస్యంగా వచ్చాయి.

ఊర్మిళ పాటనే చూడండి. పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన కూర్చుంటే ఎవరో పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. దాంట్లో పాతివ్రత్యం చూసినవాళ్ళున్నారు, విరహం చూసినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఎప్పుడు చదివినా ఒకటే అనిపిస్తుంది. అత్తింట్లో పద్నాలుగేళ్ళపాటు ఎవరూ లేపని కోడలు! ఎవరు పిలిచినా పలకక్కర్లేదు! కోడికూతకి ముందే లేచి కళ్ళాపి చల్లే ఆడవాళ్ళు ఆ పాట కట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

ఇక ఆవిడ అర నిమిషంలో తీసేసిన పాట సంగతి. 'బుల్లెట్టు బండి' సినిమా పాట కాదు. 2021 ఏప్రిల్‌లో విడిగా వచ్చింది. లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజీ సంగీతం, మోహన భోగరాజు పాడారు. బండి మీద వస్తే వెంట వచ్చేస్తానని పెళ్ళికూతురు పెళ్ళికొడుకుతో చెప్పే పాట. ఇందులో అత్తారిల్లుంది, నగలున్నాయి, గారాబంగా పెరిగిన పిల్ల ఉంది. పితృస్వామ్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే మన ఎం.ఏ. విద్యార్థి కూడా పది నిమిషాల్లో చూపిస్తుంది. నేనూ చూపించగలను. కానీ అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాలలో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో నడిరోడ్డు మీద, పెళ్ళికొడుకు ముందు, పూలదండతో ఈ పాటకి ఆడింది. ఆ వీడియో ఊరూరూ తిరిగింది. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు ఎలా ఉండాలి? తల దించుకుని ఉండాలి. అప్పగింతలప్పుడు ఏడవాలి. ఏడవకపోతే ఆడపడుచులు గుసగుసలాడతారు. ఆ పిల్ల తలెత్తి ఆడింది. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది ఆడారో మీరూ చూసే ఉంటారు. పాటలోని మాటలు ఒకటి చెప్తున్నాయి, ఒళ్ళు ఇంకొకటి చేస్తోంది. ఈ రెంటినీ కలిపి చదవలేకపోతే మనం నేర్చుకున్న విమర్శ దేనికి?

మన పద్ధతిలోనే ఒక లోపం ఉంది. పాటంటే మనకి మాటలే. చరణాలు కాగితం మీదకి ఎక్కించి, అభ్యంతరకరమైన పదాల కింద గీతలు గీసి, తీర్పు చెప్పేస్తాం. గొంతుకి మన దగ్గర పరిభాషే లేదు. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు క్లబ్బు డాన్సులకీ, తీయని సన్నని గొంతులు కథానాయికలకీ అని ఎవరు పంచారు? శీలాన్ని గొంతుని బట్టి కొలిచిన ఆ లెక్క గురించి మనం ఎన్ని వ్యాసాలు రాశాం? మంగ్లీ, ఆమె చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ అనంతపురం జిల్లా లంబాడా కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయిలు. బరువైన, గరుకైన ఆ గొంతులు ఇవాళ తెలుగు పాట నడిమధ్యకి వచ్చాయంటే అది చిన్న మార్పా? ఇంద్రావతి పాడిన 'ఊ అంటావా' 2021 డిసెంబరులో వచ్చినప్పుడు మగవాళ్ళని అవమానించిందంటూ ఒక పురుషుల సంఘం కేసు వేసిందని వార్త వచ్చింది. మనమేమో ఐటం సాంగ్ అని ముఖం తిప్పుకున్నాం. ఆ పాట రాసింది చంద్రబోస్, స్వరం దేవిశ్రీప్రసాద్, కెమెరా ఎవరి కోసం ఎక్కడ తిరిగిందో కళ్ళున్నవాళ్ళందరికీ తెలుసు. నేను దాన్ని స్త్రీవాద గీతమనడం లేదు. మగవాళ్ళకి కోపం తెప్పించినది ఆ పాటలో ఏదో ఉంది, అదేమిటో చూడమంటున్నానంతే. స్త్రీ ద్వేషం అంటూ మనమంతా వాదించిన 'అర్జున్ రెడ్డి'లో పాటలు రాసిన వాళ్ళలో శ్రేష్ఠ ఒకరు. తెలుగు సినిమాలో ఆడవాళ్ళు పాట రాయడమే అరుదు. ఆ చిక్కుముడిని విప్పకుండా పక్కన పెట్టేశాం. సంగీతం చేసినవాళ్ళు ఇంకా అరుదు. 1954లో 'చక్రపాణి'కి భానుమతి, 1968లో సావిత్రి తీసిన 'చిన్నారి పాపలు'కి పి. లీల, 1990ల్లో ఎం.ఎం. శ్రీలేఖ. ఒక చేతి వేళ్ళు మిగిలిపోతున్నాయి.

మాటల్ని వదిలి గొంతుల దగ్గరికి రమ్మన్నాను గానీ, నాకు అసలు రాయాలనున్నది చెవుల గురించి.

మా అమ్మమ్మ వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. వేసవి సెలవులకి మేమంతా అక్కడికి చేరేవాళ్ళం. పొద్దున్నే డాబా మీద పాత చీరలు పరిచి వడియాలు పెట్టేవాళ్ళు. కాకులు రాకుండా కాపలా మాది. మా చిన్నపిన్ని ట్రాన్సిస్టర్ తెచ్చి వాటర్ ట్యాంకు నీడలో పెట్టేది. కరెంటు పోయినా అది ఆగేది కాదు. విజయవాడ కేంద్రం, మధ్యాహ్నం ఎప్పుడైనా సంక్షిప్త శబ్దచిత్రం. మాటలు మాత్రమే విని సినిమా మొత్తం ఊహించుకునేవాళ్ళం. పిన్నికి ఒక రెండొందల పేజీల నోటుబుక్కు ఉండేది. పాట వస్తుంటే గబగబా పల్లవి రాసుకునేది, చరణాలకి ఖాళీ వదిలేది, మళ్ళీ ఆ పాట వచ్చిన రోజు పూరించేది. చిత్రం, రచన, సంగీతం, గానం అన్నీ ఎర్ర రీఫిల్లుతో. నేనెరిగిన మొదటి పరిశోధకురాలు ఆవిడే. రాస్తూ పాడేది కూడా. కింద నుంచి అమ్మమ్మ పిలిచేది, తాతయ్య పిలిచేవాడు. పలికేది కాదు. "పాటలో పడిందంటే దీనికి చెవులు పని చెయ్యవు" అని తిట్లు.

1999లో పిన్ని పెళ్ళయింది. మరుసటి వేసవికి ఆవిడ వచ్చింది గానీ ట్రాన్సిస్టర్ డాబా ఎక్కలేదు. అత్తగారింట్లో ఒకసారి వంట చేస్తూ గట్టిగా పాడితే వాళ్ళ మామగారు "ఇంట్లో రికార్డింగ్ డాన్సులా?" అన్నారట. అంతే. ఎవరూ కొట్టలేదు, ఎవరూ నిషేధించలేదు. ఒక్క మాట. మనం లెక్క రాసుకునే హింసల జాబితాలో దీనికి చోటు లేదు.

వినడమంటే పలకకపోవడం. ఆడది వింటూ కూర్చుందంటే ఆ కాసేపూ ఆమె ఎవరికీ అందుబాటులో లేదని అర్థం. ఇంటికి అసలు బాధ అక్కడే. మా ఇంట్లోనూ చూస్తున్నాను. మా ఆయన మంచివాడే, గిన్నెలు తోముతాడు. ఆదివారం పొద్దున హాల్లో స్పీకరు పెట్టి పాటలు వేస్తాడు, ఇల్లంతా ఆయన పాటే. నా పాట నా ఒక్క చెవిలో ఉంటుంది. ఒక్క చెవే ఎందుకంటే రెండోది కుక్కరు విజిల్ కోసం, పాప పిలుపు కోసం, కాలింగ్ బెల్లు కోసం. నాతో పని చేసే ఆడవాళ్ళని అడిగాను, బస్సుల్లో చూశాను, వంట చేసే ఆడవాళ్ళని గమనించాను. ఎక్కువమంది ఒక చెవితోనే వింటున్నారు. రెండోది వేలాడుతూ ఉంటుంది. సదస్సు వరండాలో ఆ మధ్యాహ్నం నా రెండు చెవులూ నావి. అందులో ఒకటి తీసి ఆవిడకిచ్చాను. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

పాప్ పాటని ఇలా తోసిపుచ్చే మనమే స్వతంత్ర సినిమా అనగానే మెత్తబడిపోతాం. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు, తెలియని ముఖాలు, సహజమైన యాస. ఇంకేం కావాలి? 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చినప్పుడు నేనూ కన్నీళ్ళు తుడుచుకుంటూనే బయటికి వచ్చాను. వెంకటేష్ మహా విశాఖపట్నంలోని కంచరపాలెం వాళ్ళనే పెట్టి తీశాడు. డబ్బు పెట్టిన పరుచూరి ప్రవీణ సలీమాగా నటించింది కూడా. ఆ ధైర్యానికి నా గౌరవం ఎప్పటికీ ఉంటుంది. కానీ రెండోసారి చూసినప్పుడు మనసు సునీత దగ్గర ఆగిపోయింది.

సునీత బడిపిల్ల. బడి వేడుకలో ఓ సినిమా పాట పాడుతుంది. అది ప్రేమ పాట కావడంతో తండ్రి మండిపడి, ఆమెని ఆ బడికీ ఆ స్నేహానికీ దూరం చేసేస్తాడు. ఆ తర్వాత సినిమా సుందరం వెంట వెళ్తుంది. సుందరం దుఃఖం, సుందరం కోపం. సునీత ఏమైంది? ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగింది? ఆ పిల్ల మళ్ళీ పాడిందా? కెమెరాకి ఆ ప్రశ్నే రాలేదు. చివర్లో తెలుస్తుంది, నాలుగు కథల్లోని నలుగురు మగవాళ్ళూ ఒక్కడే అని. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అంటే సునీత, భార్గవి, సలీమా, రాధ ఒకే మగవాడి జీవితంలో నాలుగు మజిలీలు. ఒకమ్మాయిని పంపించేశారు, ఒకమ్మాయికి వేరే పెళ్ళి చేశారు, ఒకామె చనిపోయింది. మిగిలిన రాధ దగ్గర అతను గూటికి చేరాడు. సినిమా బాగా తీశారు కాబట్టే ఈ మాట గట్టిగా అనాలి. మసాలా సినిమా చేస్తే మనం పట్టుకునే తప్పుని చిన్న సినిమా చేస్తే ఎందుకు వదిలేశాం? నాకు తెలిసి ఆ సంవత్సరం మన చర్చల్లో ఒక్కరం కూడా సునీత పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' 2021 జనవరిలో వచ్చింది. జియో బేబీ తీసిన మలయాళ సినిమా. నేపథ్య సంగీతాన్ని దాదాపు పక్కన పెట్టి తరిగే చప్పుడు, రుబ్బే చప్పుడు, సింకు కింద కారే నీళ్ళు వినిపించాడు. అది గొప్ప ఎంపిక, కాదనను. దానికి మృదులాదేవి రాసిన పాట కూడా ఉంది. కానీ సినిమా అయ్యాక మన మిత్రులు "వంటింటి నిజమైన శబ్దం ఇదే" అంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ వంటింట్లో నిజమైన శబ్దం పోపు చిటపటల మీద సుశీల పాట. చాకిరీ ఎంత నిజమో ఆ కూనిరాగమూ అంతే నిజం. ఆ రాగాన్ని వదిలేసి ఆడవాళ్ళ బాధ గురించి మాత్రమే రాస్తే మనకి మర్యాదగా ఉంటుంది. ఆమె ఇష్టం గురించి రాయాలంటే ఇబ్బంది, ఎందుకంటే ఆమెకి ఇష్టమైనది మనకి నచ్చకపోవచ్చు.

ఈ పత్రికనే అడుగుతున్నాను. ఎన్నో సంచికలుగా కవిత్వం మీద, కథ మీద, సినిమా మీద రాసుకుంటున్నాం. ఏ సంచికలోనైనా ఆడవాళ్ళు ఏం వింటున్నారు, ఎప్పుడు వింటున్నారు, ఎవరొస్తే సౌండు తగ్గిస్తున్నారు అని రాశామా? అమ్మల దగ్గర, అత్తల దగ్గర ఉన్న పాటల నోటుబుక్కులు ఎవరైనా సేకరిస్తున్నారా? ఊర్మిళ పాటకి జరిగినట్టే, వీటికీ పాడేవాళ్ళు పోయేదాకా ఆగుదామా?

ఇది రాయడం మొదలుపెట్టిన రోజు పిన్నికి ఫోను చేశాను. "ఆ ఎర్ర రీఫిల్లు నోటుబుక్కు ఎక్కడుంది పిన్నీ?" అన్నాను.

"అదింకా ఎక్కడుంటుందే! ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు కేజీల లెక్కన వేసేశాను."

"అందులో ఏం పాటలుండేవో గుర్తున్నాయా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. చిత్రం, రచన, సంగీతం, గానం, అదే వరసలో. నేను రాసుకుంటున్నాను. పదకొండో పాట దగ్గర అవతల ఎవరో పిలిచారు. "ఉండు, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది.

పదకొండో పాటకి గానం దగ్గర ఖాళీ వదిలాను.