మా ఇంట్లో పేక ముట్టకూడదు

గురువారం రాత్రి పదిన్నరకి మా అమ్మ నా గదిలోకి వచ్చింది. ల్యాప్‌టాప్ తెర మీద పచ్చటి బల్ల, దాని మీద పరిచిన పదమూడు ముక్కలు. కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఎంత పోనాదే?"

"యాభై పాయింట్లమ్మా."

"రూపాయల్లో సెప్పు."

రూపాయల్లో సున్నా. ఆ సంగతి నమ్మించడానికి అరగంట పట్టింది. ఇప్పటికీ పూర్తిగా నమ్మిందని నేననుకోను. ఆవిడని తప్పుపట్టలేను కూడా. 2020 లాక్‌డౌన్‌లో మా చిన్నాన్న ఫోన్లో రమ్మీ ఆడి, పలాస దగ్గరున్న జీడితోట పోగొట్టాడు. తోట రిజిస్ట్రేషన్ రోజున గానీ పిన్నికి తెలీలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో పేక ముట్టకూడదు. సంక్రాంతికి పిల్లలు గాడిద ఆట ఆడదామన్నా పెద్దవాళ్ళ మొహాలు మారిపోతాయి. అలాంటి ఇంట్లో కూచుని నేను ఆన్‌లైన్ క్లబ్ బ్రిడ్జ్ ఆడుతున్నాను. ఆడటమే కాదు, మీరూ ఆడాలని వాదించబోతున్నాను.

పేకముక్కలు చూడగానే అసహ్యించుకోవడం మనకి మొదట్నుంచీ ఉన్న సంస్కారమేం కాదు. గురజాడ మధురవాణి ఇంట్లో పేకాట రంగం ఎంత సరదాగా రాశాడో కన్యాశుల్కం చదివినవాళ్ళకి తెలుసు. వాళ్ళాడే ఆట బేస్తు. ఆ ఆట మన జిల్లాల్లోంచి పోయింది గానీ పేరు మాత్రం 'బేస్తు పడటం'లో మిగిలింది. ఒకటి గమనించండి: ఆ బల్ల దగ్గర ముక్కలు పట్టుకు కూచున్న ఆడమనిషి ఒక్కతే, ఆమె వేశ్య. సంసారపక్షం ఆడవాళ్ళకి అప్పుడూ ఆ బల్ల దగ్గర పీట లేదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు రమ్మీ కంపెనీల సంగతి తేల్చుకోవాలి. సికిందరాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పడి రమ్మీ ఆడేవాళ్ళని పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటేననీ, అందులో ఉన్న అదృష్టం పాలు బ్రిడ్జ్‌లో ముక్కలు పంచడంలో ఉన్నలాంటిదేననీ 1967 చివర్లో కోర్టు చెప్పింది. యాభై ఏళ్ళ తర్వాత ఫోన్లలోకి దిగిన రమ్మీ వ్యాపారానికి ఆ తీర్పే గొడుగైంది. పాపం, బ్రిడ్జ్ ఆడేవాళ్ళెవరూ ఆ పోలిక అడగలేదు. బ్రిడ్జ్ చొక్కా రమ్మీ తొడుక్కుంది, తిట్లు మాత్రం ఇద్దరికీ పడ్డాయి.

ఆ పోలిక ఇంట్లో నలుగురు కూచుని ఆడే బ్రిడ్జ్‌కి సరిపోవచ్చు. క్లబ్బుల్లో పోటీగా ఆడేది వేరు, దాన్ని డూప్లికేట్ అంటారు. నలుగురు, ఎదురెదురుగా కూచున్న ఇద్దరిద్దరు ఒక జంట, మనిషికి పదమూడు ముక్కలు, అంతవరకూ మామూలే. అయితే మా బల్ల దగ్గర నాకు పడిన పదమూడే మిగతా ప్రతి బల్ల దగ్గరా నా దిక్కున కూచున్నవాళ్ళకి పడతాయి. ఉత్తరం వాడికి ఉత్తరం ముక్కలు, తూర్పు వాడికి తూర్పు ముక్కలు, అన్ని బల్లల దగ్గరా అవే. నన్ను పోల్చేది ఎదురుగా ఉన్న జంటతో కాదు, అవే ముక్కలు పట్టుకుని వేరే బల్లల దగ్గర కూచున్నవాళ్ళతో.

మొన్న ఆడిన ఒక బోర్డు చెప్తాను. పదకొండు బల్లలు. మేము నాలుగు ఇస్పేట్లు చెప్పి, తురుపు ఇస్పేటు పెట్టుకుని సరిగ్గా పది పట్లు తీశాం. 420 వచ్చింది. ఇంట్లో ఆడుకునే బ్రిడ్జ్ అయితే గేమ్ కొట్టామని టీ పెట్టుకునేవాళ్ళం. తీరా చూస్తే అవే ముక్కలతో ఆరు జంటలు తురుపే వద్దని మూడు నోట్రంప్ చెప్పి, అవే పది పట్లు తీసి 430 రాసుకున్నాయి. మాతో సమానంగా 420 దగ్గర ఇంకో రెండు జంటలున్నాయి. ఒకరు తొమ్మిదే తీసి 400 దగ్గర ఆగారు, ఒకరు మునిగారు. ఓడించిన జంటకి ఒకటి, సమానమైన జంటకి అర చొప్పున లెక్కేస్తే మాకు పదికి మూడు. తప్పెవరిది? ముక్కలది కాదు, ముక్కలు అందరికీ అవే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'ముక్క పడలేదు' అనుకోవడానికి వీల్లేని పేకాట అది. జీడితోట పోయాక కూడా మా చిన్నాన్న అంటున్న మాట అదే: ముక్క పడలేదు.

రమ్మీలో నైపుణ్యం లేదని నేననను. కానీ అంత నైపుణ్యమున్న ఆటే అయితే పదకొండు బల్లల మీద అవే ముక్కలు పంచి, డబ్బు తీసేసి, ఆడించి చూపించమనండి. ఆడేవాడుండడు. అసలు నైపుణ్యమా అదృష్టమా అన్న చర్చే పక్కదారి. మా అమ్మ వేసిన ప్రశ్న సరైనది: రూపాయల్లో సెప్పు. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నైపుణ్యమైనా అదృష్టమైనా తేడా లేదంది. డబ్బు వస్తుందని ఆశపడి డబ్బు కట్టి ఆడేదాన్ని ఆపేసింది. ఇన్నేళ్ళకి చట్టం మా అమ్మ దారికొచ్చింది. ఆ చట్టం వచ్చిన రోజున సంతోషించాను. బ్రిడ్జ్‌కి డబ్బు అక్కర్లేదు గనక ఆ సంతోషంలో నాకు ఇబ్బంది లేదు. డబ్బు బహుమతి పెట్టే బల్ల ఎక్కడైనా కనపడితే అటు వెళ్ళకండి, అది నేను చెప్పే ఆట కాదు.

ఇప్పుడు క్లబ్బుల సంగతి. ఉత్తరాంధ్రలో బ్రిడ్జ్ లేదా అంటే ఉండేది, ఉంది. ఆఫీసర్లు, లాయర్లు, డాక్టర్లు సాయంత్రం ఫ్యాను కింద ఆడుకునే గది ఒకటి ఉంటుంది. నేర్చుకోవాలనుందని అలాంటి ఒక క్లబ్బుకి వెళ్ళి అడిగాను. అక్కడున్న పెద్దాయన చాలా మర్యాదగా మాట్లాడారు. "లేడీస్‌కి టెన్నికాయిట్ ఉందమ్మా," అన్నారు. సభ్యత్వానికి ఇద్దరు సభ్యులు సంతకం పెట్టాలిట, దానిపైన నాకొచ్చే మూణ్ణెల్ల జీతమంత ఫీజు. నూట పాతికేళ్ళ కిందట మధురవాణికైనా పీట దొరికింది, నాకు టెన్నికాయిట్ దొరికింది.

ఇదే రైలు మార్గంలో ఇంకాస్త పైకి వెళ్తే కలకత్తా. అక్కడ ఆఫీసులకెళ్ళే జనం లోకల్ రైళ్ళలో ఒళ్ళో గుడ్డ పరుచుకుని పేక ఆడతారు, ఎవరూ వాళ్ళని చెడిపోయారనరు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్‌ని తొలిసారి పెట్టినప్పుడు పురుషుల జంటల్లో బంగారు పతకం తెచ్చిన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బెంగాలీలే. అప్పటికి ఒకరికి అరవై, ఇంకొకరికి యాభై ఆరు. పేపర్లో ఫొటో చూసి మా వీధిలో ఒకాయన "ముసలాళ్ళకి పేకాటకి మెడలా!" అని నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ ఇద్దరూ బల్ల దగ్గర మాట్లాడుకోడానికి ఉన్నవి ముప్పై ఎనిమిది మాటలు: ముప్పై అయిదు బిడ్‌లు, పాస్, డబుల్, రీడబుల్. ఆ మాటల్తోనే నా చేతిలో ఏముందో నువ్వు ఊహించాలి, నీ చేతిలో ఏముందో నేను. పైగా మన మాటలకి అర్థమేమిటో ఎదుటి జంట అడిగితే చెప్పి తీరాలి. రహస్య భాష ఉంటే అది మోసం. భాష గురించి ఇంత పట్టింపున్న ఇంకో ఆట నాకు తెలీదు. సాహిత్యం చదివేవాళ్ళకి ఇది రుచించకపోతే ఇంకెవరికి రుచిస్తుంది?

క్లబ్బు తలుపు మూసుకుంటే ఆన్‌లైన్ ఉంది. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ 2001 నుంచీ ఉంది, ఖాతా తెరవడానికి పైసా కట్టక్కర్లేదు. కోవిడ్‌లో ప్రపంచంలోని క్లబ్బులు చాలామటుకు తెర మీదికొచ్చాయి. ఆ ఏడాదే మొహాలు కనపడేలా, మాటలు వినపడేలా రియల్‌బ్రిడ్జ్ వచ్చింది. బల్ల దగ్గర కూచోడానికి ఇద్దరి సంతకాలు అక్కర్లేదు.

దీని మీద పాత ఆటగాళ్ళ అభ్యంతరం ఒకటుంది, అది తేలిగ్గా కొట్టెయ్యాల్సింది కాదు. ఎవరింట్లో వాళ్ళు కూచుని ఆడితే ఫోన్లో మాట్లాడుకోరా అంటారు. మాట్లాడుకుంటారు. నేనే చేశాను. నా జంట టెక్కలిలో ఉండే స్కూలు మాస్టారు, నాకన్నా పాతికేళ్ళు పెద్ద, ఇంతవరకూ మనిషిని చూడలేదు. మొదటి నెల్లో, బోర్డుల మధ్య మాట్లాడుకోడానికని వాట్సాప్ కాల్ పెట్టుకునే ఆడేవాళ్ళం. ఒకసారి నేను మూడు ఆఠీన్లు చెప్పాను. అవతల్నుంచి "అబ్బా" అని చిన్న నిట్టూర్పు. ఆయన చేతిలో ఆఠీన్లు లేవని నాకు తెలిసిపోయింది. తర్వాతి బిడ్‌లో తప్పుకున్నాను, బోర్డు నెగ్గాం కూడా. ఆట అయ్యాక మాస్టారే అన్నారు: "అమ్మాయ్, ఇప్పుడు మనం సేసింది దొంగతనం కాదేటి?" అవును. ఆ రోజు నుంచీ ఆట అయ్యేదాకా ఫోన్లు కట్టేస్తాం.

కానీ పాతవాళ్ళు చెప్పనిది ఇంకోటుంది. మామూలు బల్ల దగ్గర దగ్గులు, కనుబొమలు, ముక్క వెయ్యడంలో తటపటాయింపులు, ఇవన్నీ గాల్లో కలిసిపోతాయి. తెర మీద ప్రతి బిడ్డూ, ప్రతి ముక్కా రికార్డవుతుంది. ఒకే జంట నెలల తరబడి ఊహకందని అదృష్టంతో ఆడుతుంటే ఎవరో ఒకరు ఆ బోర్డులన్నీ తిరగేస్తారు. టీ, కబుర్లు, పక్కన కూచుని తప్పు చూపించే పెద్దమనిషి, ఇవి మాత్రం తెర మీద దొరకవు. అది నిజమైన లోటే. ఆ గది తలుపు తెరిచుంటే నేనూ అక్కడికే వెళ్ళేదాన్ని.

ఇక నా అసలు కోపం నా వయసువాళ్ళ మీద. ఆసక్తి ఉందంటారు, ఖాతా తెరుస్తారు, ఏడాది పాటు రోబోలతో ఆడతారు. "ఇంకొంచెం వచ్చాక మనుషులతో ఆడతా," అంటారు. ఇంకొంచెం ఎప్పటికీ రాదు. రోబో విసుక్కోదు, నిట్టూర్చదు, "ఆ రెండు కళావర్లకి అర్థమేటి" అని అడగదు. అందుకే దాని దగ్గర సగం ఆట కూడా రాదు. బ్రిడ్జ్ అంటే ఎదురుగా ఉన్న మనిషి మనసులో ఏముందో పట్టుకోవడం, ఆ మనిషే లేకపోతే ఇంక పట్టుకునేదేముంది? సిగ్గుపడుతున్నామని ఒప్పుకోండి చాలు. ఓడిపోతే పట్టికలో పేరు కింద కనపడుతుంది, అంతే కదా. మొదటిసారి మేము ఇరవై రెండు జంటల్లో ఇరవై రెండో వాళ్ళం. పై పేరు వాళ్ళకీ మాకూ మధ్య చాలా ఖాళీ.

మొదలుపెట్టడానికి కావలసింది కొంచెమే. ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. పేక మొత్తం మీద నలభై. పన్నెండు ఉంటే నోరు విప్పొచ్చు, ఇద్దరి చేతుల్లో కలిపి పాతిక దాటితే గేమ్ ఆలోచించొచ్చు. జంటతో కూచుని అరపేజీ కాగితం రాసుకోండి: ఒక నోట్రంప్ అంటే మనకి ఎన్ని పాయింట్లు, మేజర్ చెప్పాలంటే ఎన్ని ముక్కలుండాలి, మొదటి ముక్క ఏది వేస్తాం. మేము రాసుకున్నది పాత హాజరుపట్టీ వెనక వైపు. ఆ మూడింటికి మించి అంతర్జాలంలో కనపడే పద్ధతులన్నీ మొదటి ఆర్నెల్లూ మర్చిపోండి. వంద పేజీల సిస్టమ్ బట్టీపట్టి, తురుపు ముక్కలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టలేని వాళ్ళని చాలామందిని చూశాను. తెర మీద మామూలు బల్లకి భిన్నమైన నియమం ఒకటుంది: మీ బిడ్‌కి అర్థం మీరే రాసి ఎదుటివాళ్ళకి చూపించాలి, మీ జంట చెప్పకూడదు. మొదట్లో ఇది మర్చిపోయి చివాట్లు తింటారు, తినండి. పన్నెండు బోర్డుల పోటీ గంటన్నరలో అయిపోతుంది. అందులో పదకొండు బోర్డులు పాడుచేసినా పన్నెండోది బాగా ఆడితే ఆ రాత్రికి అది చాలు.

ఆడిన ప్రతి బోర్డూ తర్వాత మళ్ళీ తెరిచి చూసుకోవచ్చు. అవే ముక్కలతో ఇంకొకళ్ళు ఏం చేశారో ముక్క ముక్కా చూడొచ్చు. నాకు గురువులంటే వాళ్ళే, పేర్లు కూడా సగం తెలీవు. ఆ మూడు నోట్రంప్ బోర్డు నేను ఆరుసార్లు చూశాను. ఆరోసారి చూస్తున్నప్పుడు అమ్మ పక్కన మంచం మీద కూచుంది.

"ఆయన ముక్కలన్నీ అలా పరిచేసినాడేటి? అందరికీ కనపడిపోవా?"

"ఆయన డమ్మీ అమ్మా. ఆ ముక్కలు కూడా ఇటు కూచున్నావిడే ఆడుతుంది."

"మరి ఆయనేటి సేస్తాడు?"

"ఊరుకుంటాడు."

"మంచి ఆటే," అంది.

నలుగురి జట్ల పోటీలో దిగాలని మాస్టారికి కోరిక. అందులో మా జంట ఒక బల్ల దగ్గర కూచుంటే, మా వాళ్ళే ఇంకో జంట వేరే బల్ల దగ్గర అవే ముక్కలతో అవతలి దిక్కున కూచోవాలి. అంటే మాకు ఇంకో ఇద్దరు కావాలి. శ్రీకాకుళమో విజయనగరమో అయితే బాగుంటుంది, ఎప్పటికైనా నలుగురం ఒక బల్ల దగ్గర కూచుని టీ తాగొచ్చు. ఆట రాకపోయినా పర్లేదు, గురువారాలు రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఖాళీ ఉండాలి. ఆడవాళ్ళయితే నాకు ఇంకా సంతోషం. మా ఊళ్ళో కరెంటు పోతే మాత్రం కాస్త ఆగాలి.