హంసలదీవి స్వామివారి అడవి

హంసలదీవికి పోయి వచ్చినవారిని ఏమి చూచితిరని అడుగుడు. వేణుగోపాలస్వామి గుడిని చెప్పుదురు. కృష్ణవేణి సాగరమున కలియు తావును చెప్పుదురు. కాకి మునిగి హంసయై లేచిన కథను చెప్పుదురు. గుడికిని సంగమమునకును నడుమ తాము దాటివచ్చిన మడ అడవిని మాత్రము చెప్పరు. అది వారి కంటికి బీడు.

జపానీయుల షింటో మతమున ముందు అడవి, పిమ్మట గుడి. తోరీ యను ద్వారమును దాటి, మహావృక్షముల నీడలో నడచిన గాని యాత్రికుడు సన్నిధి చేరడు. టోక్యోలో 1920లో వెలసిన మెయిజీ మందిరమునకు సహజవనము లేకపోగా, ప్రజలు దేశము నలుమూలల నుండి పంపిన సుమారు లక్ష చెట్లను నాటి వనమునే సృష్టించిరి. అట్టి దేశమున సైతము 1906లో ప్రభుత్వము ఊరికొక గుడి చాలునని తలచి చిన్న గుడులను కలిపివేయగా, వాని తోపులు గొడ్డలిపాలై కలపగా అమ్ముడుపోయెను. మినకత కుమగుసు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు దానిని ఎదిరించి 1910లో చెరకు సైతము పోయెను. తోపు పోయిన జనులకు ఊరిపై మమత నిలువదని ఆయన వాదము. దేశభక్తిని నూరిపోయు ప్రభుత్వమునకు ఇంతకు మించిన ప్రత్యుత్తర మేమి కలదు?

మన మడచెట్టు పత్రికి రాదు, దూలమునకు రాదు. ఉప్పుబురద నుండి వేళ్లను పైకెత్తి గాలి పీల్చుకొనుచు నిలుచును. రొయ్యపిల్ల, పీతపిల్ల పెరుగునది ఆ వేళ్ల సందుననే. బావురుపిల్లి దాగునది ఆ చాటుననే. 1864 నాటి ఉప్పెన బందరును, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను గొనిపోయినవి. మడలు ఉప్పెనను ఆపివేయునని మేము చెప్పము. అల వేగమును విరుచుననుట మాత్రము నిక్కము. అయినను తీరమున పెక్కుచోట్ల మడలు నరకబడి రొయ్యల చెరువులైనవి. మిగిలినదానికి అభయారణ్యమను పేరు కలదు. గోపురమునకు రంగులు పూయించుటకు చందాలిచ్చు చేతులు మనకు కొరవ లేవు. స్వామికి ప్రాకారమై నిలిచిన అడవికి దిక్కెవరు?

వచ్చు మాఘపూర్ణిమకు దేవస్థానమువారును అటవీశాఖవారును కలిసి మడదారి మొదట నొక తోరణము కట్టి, అచ్చటి నుండి సంగమము వరకు స్వామి ప్రాంగణమేయని చాటింపవలెను. ప్లాస్టిక్ సంచులు, సీసాలు అచ్చటనే దింపింపవలెను. వృద్ధులను బండ్లపై పంపి, తక్కినవారిని కాలినడకనే పోనిండు.