పిడి ఒకరికి, కత్తి ఒకరికి

డ్రాయింగు రూములో గోడకి పాత కత్తి వేలాడదియ్యడం కొందరికి పెద్ద సరదా. వెనకటికి దుప్పికొమ్ములు తగిలించేవాళ్ళు, ఇప్పుడు కత్తి. "ఎక్కడిదండీ?" అని అడిగి చూడండి. "యాంటిక్" అంటారు. ఏ ఊరిదీ, ఎవరింటిదీ అంటే నీళ్ళు నములుతారు. ధర మటుకు పైసలతో సహా చెబుతారు. ఊరూ పేరూ చెరిపేసిన వస్తువుని కొనుక్కొచ్చి, దాన్నే సంస్కృతి అంటారు చూశారూ, అక్కడే నాకు ఒళ్ళు మండేది!

మా పాలమూరు సంస్థానాల గడ్డ. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు కొల్లాపూర్, పండితుల్ని ఆదరించి "విద్వద్గద్వాల" అనిపించుకున్న గద్వాల. వనపర్తి రాజావారి ఆఫ్రికా అశ్వికదళం నిజాముగారికి చేరిందనీ, హైదరాబాదులో ఏ.సి.గార్డ్స్ పేట పేరు అలా వచ్చిందేననీ చెబుతారు. 1948లో హైదరాబాదు రాజ్యం పోయింది, దాని వెనకే సంస్థానాలూ పోయాయి. గద్వాల కోటలోకి కాలేజీ, వనపర్తి ప్యాలెస్‌లోకి పాలిటెక్నిక్ వచ్చాయి. మంచిదే, పిల్లలు చదువుకోవడానికి మించి కోటకేం కావాలి? మరి దొరల ఇళ్ళల్లోనూ సిపాయిల ఇళ్ళల్లోనూ అటకలెక్కిన కత్తుల మాటేవిటి? వాటికి దిక్కు మనమే కదమ్మా! దసరాకి దింపేది మనం, తోమేది మనం, స్టీలు గిన్నెలవాడికి వేసేదీ మనమే.

అదే 1948లో జపానువాళ్ళు తమ కత్తుల్ని కాపాడుకోవడానికి ఓ సంఘం పెట్టుకున్నారు. ఊరికే పెట్టుకోలేదు. 1876లో సమురాయిలు కత్తి కట్టుకుని తిరగకూడదని అక్కడ హుకుం వచ్చింది. అలుగుకీ పిడికీ మధ్య అరచేతిలో ఇమిడేంత బిళ్ళ ఒకటుంటుంది. త్సుబా అంటారు. దానిమీద కొంగలు, వెదురాకులు, బంగారపు నగిషీ! ఆ పనివాళ్ళ పొయ్యిలో పిల్లి లేవలేదు. త్సుబాలు ఊడి, కుప్పలుగా పరదేశాల షోకేసుల్లోకి వెళ్ళిపోయాయి. కత్తి అక్కర్లేదు, బిళ్ళ చాలనే సేకర్తలూ పుట్టుకొచ్చారు. అంత పోగొట్టుకున్నాక ఇప్పుడక్కడ కత్తికి రిజిస్ట్రేషను కాగితం ఉంటుంది. కత్తి చేతులు మారితే కాగితమూ వెంట వెడుతుంది. పిడిలోపల దాగే కొస మీది తుప్పునైతే చచ్చినా తుడవరు. కమ్మరి సంతకం ఉండేది అక్కడే. దాని వయసు చెప్పేది ఆ తుప్పు రంగే.

మనమో? చింతపండు, ఇటుకపొడి, చాలకపోతే గరుకు కాయితం! నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కుతో చేసిన అలుగు మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. గరుకు కాయితం పెట్టి రుద్దితే ఆ అలలు కాస్తా మాయం. "తళతళలాడుతోంది వదినా!" అని మురిసిపోతాం.

మా దూరపు బంధువులొకరు పిడికున్న వెండి ఊడదీయించి కుంకుమభరిణె చేయించుకున్నారు. మూడు తులాలు. బోసి పిడిని ఎవరో కొనుక్కుపోయారు. అలుగు ఆవకాయ రోజుల్లో మామిడికాయలు కొడుతోంది.

"సేకరించేవాళ్ళే లేకపోతే ఆ మాత్రమూ మిగలదు, సాలార్‌జంగ్ సేకరించలేదూ?" అని ఒకాయన నాతో వాదానికి దిగాడు. సేకరించారు, నిజమే. ఆ సొత్తు 1951 నుంచీ టిక్కెట్టు కొన్న ప్రతివాడి కళ్ళముందూ ఉంది. పిడి ఒకరికీ అలుగు ఒకరికీ అమ్మేవాణ్ణి నేను సేకర్త అనను. పాతసామాన్లవాడికి ఇంగ్లీషొస్తే అలాగే ఉంటాడు! వందేళ్ళు దాటిన కళాఖండాన్ని సొంతంగా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. గుమ్మం దాటించేది మాత్రం మనమే.

ఈ దసరాకి కత్తి దింపినప్పుడు పొడిగుడ్డతో తుడిచి ఊరుకోండి. తడి కుంకుమ అలుగుకి కాదు, ఒరకి పెట్టండి. అది ఏ ఊరిదో, ఏ తాతగారిదో అత్తగారిని ఈ పండక్కే అడగండి, ఆవిడకి గుర్తుండగానే. చెప్పింది చెప్పినట్టు కాయితమ్మీద రాసి ఒరకి కట్టండి. శ్రీవారు నవ్వితే నవ్వనివ్వండి.