వైరస్ అనగానే భయపడొద్దు



తినే తిండి మీద వైరస్ చల్లడమేమిటని గతవారం ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. కరోనా రోజులు చూసినవాళ్లం, ఆయన భయం నాకు అర్థమైంది. కానీ ఆయన అనుకున్నది పొరపాటు.

ఫేజ్‌లనే ఈ వైరస్‌లు మనిషి కణాల జోలికి రావు. ఒక్కో ఫేజ్ కొన్ని రకాల బ్యాక్టీరియానే పట్టుకుంటుంది. లోపల తనలాంటివాటిని పుట్టించి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. చెరువు నీళ్లలో, మన పేగుల్లో అవి ఎప్పుడూ ఉన్నవే. ఫేజ్‌ల సంగతి ఇంకా తెలియని 1896లోనే, గంగ, యమున నీళ్లు కలరా క్రిములను చంపుతున్నాయని హాంకిన్ అనే శాస్త్రవేత్త రాశాడు. 2006లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ, తినడానికి సిద్ధంగా ప్యాక్ చేసిన మాంసం మీద లిస్టీరియాను చంపే ఫేజ్‌ల మిశ్రమాన్ని అనుమతించింది. లిస్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరిగే మొండి క్రిమి మరి.

మంగళూరు మత్స్య కళాశాల పరిశోధకులు రొయ్యపిల్లల హేచరీల్లో విబ్రియో అనే బ్యాక్టీరియా మీద యాంటీబయాటిక్‌లకు బదులు ఫేజ్‌లను వాడి చూశారు. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే ఎగుమతి రొయ్యలు వెనక్కొస్తాయి. ఒంగోలు తీరపు రైతులకు ఇది చిన్న విషయం కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆ పాఠకుడితో ఏకీభవిస్తాను. ఫేజ్ శుభ్రతకు బదులు కాదు. క్రిమి అప్పటికే వదిలిన విషాన్ని అది తీసెయ్యలేదు. మా పొదిలిలో మాంసం కొట్టే మొద్దూ కత్తీ రోజూ వేడినీళ్లతో కడగాల్సిందే.

తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో దీనిపై వివరమైన వ్యాసం రాయించి ప్రచురించమని సంపాదకులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పొదిలి